ఐఎల్-8 రక్తనాళాలు మొలిపిస్తుందా, న్యూట్రోఫిల్స్‌ని పిలుస్తుందా: రెండూ ల్యాబ్‌లో ఎలా చూడాలి

ఐఎల్-8 (ఇంటర్‌ల్యూకిన్-8), అదే ఇప్పుడు సీఎక్స్‌సీఎల్8 అంటున్నాం కదా, న్యూట్రోఫిల్స్‌ని (ఒక రకం తెల్ల రక్తకణాల్ని) పిలిచే కీమోకైన్‌గా, అంటే కణాల్ని తనవైపు రప్పించే చిన్న ప్రోటీన్‌గా, 1987లో దొరికింది. 1992లో అది కొత్త రక్తనాళాలు కూడా మొలిపిస్తుందని తేలింది, అందుకే ట్యూమర్ల మీద, రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ మీద పనిచేసేవాళ్లు దీన్ని వదలరు. నేను గట్టిగా చెప్పేది ఒక్కటే, రెండు పనులూ ఒకే స్టాక్‌లోంచి తీసిన ప్రోటీన్‌తో ఒకే వారంలో చూడండి, లేకపోతే పోల్చడానికి ఏమీ మిగలదు.

ముందు ప్రోటీన్. కలిపేటప్పుడు 0.1 శాతం బీఎస్‌ఏ (ఆవు రక్తంలోని ఆల్బుమిన్ ప్రోటీన్) వేయండి, లేదంటే సగం ప్లాస్టిక్ గోడకే అంటుకుపోతుంది. చిన్న చిన్న అలిక్వాట్లు (ఒక్కోసారికి సరిపడా భాగాలు) చేసి మైనస్ 80లో పెట్టండి, ఒకసారి కరిగించింది మళ్లీ ఫ్రీజ్ చెయ్యొద్దు. ఈ.కోలై బ్యాక్టీరియాలో చేసిన ప్రోటీన్ అయితే ఎండోటాక్సిన్ (ఆ బ్యాక్టీరియా గోడలోంచి వచ్చే విషం) ఎంతుందో తప్పకుండా చూడండి, న్యూట్రోఫిల్స్ దానికే రెచ్చిపోతాయి, మీరేమో కీమోకైన్ వల్లే అనుకుంటారు.

రక్తనాళాలకి బొడ్డుతాడు సిరలోంచి తీసిన హూవెక్ సెల్స్ (నాళం లోపలి పొర కణాలు) వాడతాం, పాసేజ్ (సెల్స్‌ని కొత్త ప్లేట్‌లోకి మార్చి పెంచడం) 6 దాటనివ్వొద్దు. మ్యాట్రిజెల్ (సెల్స్ కింద పరిచే, వెచ్చబడితే గడ్డకట్టే ప్రోటీన్ జెల్) గ్రోత్ ఫ్యాక్టర్లు తగ్గించిన రకమే తీసుకోండి, రాత్రంతా ఐస్‌లో పెట్టి ఫ్రిజ్‌లోనే కరగనివ్వండి, పిపెట్ టిప్స్, ప్లేట్ కూడా చల్లగా ఉండాలి, టిప్ కాస్త వెచ్చగా ఉన్నా అందులోనే జెల్ గడ్డకట్టి వెల్‌లో (ప్లేట్‌లోని గుంటలో) ఓ పక్క మందంగా ఓ పక్క పల్చగా పడుతుంది. 96 వెల్ ప్లేట్‌లో వెల్‌కి 50 మైక్రోలీటర్లు, బుడగ రాకుండా మెల్లగా, తర్వాత 37 డిగ్రీల్లో అరగంట. దాని మీద ఓ 10-15 వేల సెల్స్, సీరం తగ్గించిన మీడియంలో, ఐఎల్-8 మిల్లీలీటరుకి 1, 10, 100 నానోగ్రాములు. నాలుగు గంటలకి స్కోప్ కింద చూస్తే విడివిడిగా ఉన్న సెల్స్ సాగి ఒకదాన్నొకటి అందుకుంటుంటాయి, తర్వాత చేపల వలలా కళ్లు కళ్లుగా కనిపిస్తుంది, మరీ ఆలస్యం చేస్తే ఆ వల తెగిపోతుంది కాబట్టి ఫోటోలు టైమ్‌కి తీయండి. ఉత్త మీడియం ఒక కంట్రోల్, వీఈజీఎఫ్ (నాళాలు పెంచుతుందని తెలిసిన ప్రోటీన్) ఇంకోటి.

ఇంకో కంట్రోల్ నాకు చాలా ఇష్టం, సీఎక్స్‌సీఎల్10 అనే ఇంకో కీమోకైన్. ఐఎల్-8 మొదట్లో గ్లుటమిక్ యాసిడ్, ల్యూసిన్, ఆర్జినిన్ వరసగా ఉంటాయి, ఈఎల్‌ఆర్ అంటాం, అది ఉంటేనే సెల్ మీదుండే సీఎక్స్‌సీఆర్2 అనే రిసెప్టర్‌ని పట్టుకుని నాళాలు పెంచుతుంది, సీఎక్స్‌సీఎల్10లో అది లేదు, పైగా నాళాల్ని అడ్డుకుంటుంది. సీఎక్స్‌సీఆర్2 బ్లాకర్ వేసిన వెల్ కూడా పెట్టండి, అది లేకుండా రిసెప్టర్ గురించి ఏమీ రాయకండి.

ఇక న్యూట్రోఫిల్స్. ఎథిక్స్ అనుమతి, డోనర్ సమ్మతి ఉన్న తాజా రక్తమే, తీసిన కొద్ది గంటల్లోనే పని అయిపోవాలి, వోర్టెక్స్ (ట్యూబుని గట్టిగా కుదిపే మెషీన్) అసలొద్దు. 3 మైక్రాన్ల రంధ్రాల ట్రాన్స్‌వెల్‌లో (మధ్యలో రంధ్రాల పొర ఉన్న రెండు అరల గుంటలో) పైన సెల్స్, కింద ఐఎల్-8, ఓ గంట తర్వాత కిందికి దిగినవి లెక్కపెట్టండి. ఒక సెట్‌లో పైనా కిందా రెండు చోట్లా ఐఎల్-8 పెట్టండి, అప్పుడూ అన్నే దిగితే అవి పిలుపుకి రాలేదు, ఊరికే అటూ ఇటూ తిరుగుతున్నాయి. డోస్ మరీ పెంచితే వలస మళ్లీ తగ్గుతుంది, అది తప్పు కాదు, కంగారుపడి పాయింట్ తీసేయకండి.

ఎలుకల్లోకి వెళ్దామనుకుంటే ఒక మాట, వాటికి సీఎక్స్‌సీఎల్8 జీనే లేదు, వాటిలో ఆ పని చేసే సీఎక్స్‌సీఎల్1, సీఎక్స్‌సీఎల్2 ఆర్డర్ చేసుకోండి.