మన పరుపు మనమే ఎంచుకుందాం – మూడో పాఠం: బరువు, పడుకునే తీరు, కాసిని బొట్టుబిళ్ళలు

పోయిన వారం ఇచ్చిన పని ఎంతమంది చేశారో తెలీదు గాని, చేసినవాళ్ళకి సగం పాఠం వచ్చేసినట్టే. దుప్పటి తీసేసి, పరుపుకి అడ్డంగా ఒక దారం బిగబట్టి, దాని కింద స్కేలు నిలబెట్టి గుంత లోతు కొలవమన్నాను కదా. భుజం దగ్గర ఒకటి, తుంటి దగ్గర ఒకటి, రెండు గుంతలు కనిపిస్తే మీరు పక్కకి తిరిగి పడుకునే మనిషి. మధ్యలో వెడల్పుగా ఒకటే గుంత ఉంటే వెల్లకిలానో బోర్లానో పడుకుంటున్నారు. నేను విజయనగరంలో పరుపులకి కవర్లు కుడతాను. పాత కవరు మార్చమని ఎవరైనా పరుపు తెస్తే, జిప్పు తీసి లోపలి ఫోము చూడగానే "మీ ఆయన పక్కకి తిరిగి పడుకుంటాడు కదమ్మా" అనేస్తాను, వాళ్ళు నోరు తెరుస్తారు. ఇందులో జ్యోతిష్యం ఏమీ లేదు, మనిషి అచ్చు ఫోములో దిగిపోతుంది, అంతే.

ఈ వారం ఆ అచ్చుకి తగ్గ ఫోము ఏదో చూద్దాం. అంతకంటే ముందు ఒక తప్పు అభిప్రాయం వదిలించుకోవాలి.

సిరిమానోత్సవానికి చుట్టాలు దిగుతారని మా ఊళ్ళో చాలామంది ఆ ముందు రోజుల్లోనే పరుపులు కొంటారు. అలా ఒకాయన వచ్చి "అప్పా, 40 డెన్సిటీ అంటే గట్టిదే కదేటి? 32 అయితే మెత్తగుంటాదట" అన్నాడు. చాలామంది ఇదే అనుకుంటారు, అమ్మేవాళ్ళలో కూడా సగంమంది ఇదే చెబుతారు. కాదు. డెన్సిటీ అంటే ఒక ఘనపు మీటరు ఫోము ఎన్ని కిలోలు తూగుతుందన్న లెక్క. సరుకు ఎంత దట్టంగా ఉందో అది చెబుతుంది, అంటే ఎన్నాళ్ళు గుంత పడకుండా నిలబడుతుందో దాన్నిబట్టి అంచనా వేసుకోవచ్చు. గట్టిదనం సంగతి వేరు. ఫోము పోసేటప్పుడు రసాయనాల పాళ్ళు మార్చి అదే 40లో మెత్తనిదీ తీస్తారు, గట్టిదీ తీస్తారు. కిలో బియ్యం ముద్దగా వండొచ్చు, పలుకుగా వండొచ్చు, బియ్యం తూకం మారదు కదా.

గట్టిదనానికి ఫ్యాక్టరీల్లో వేరే కొలత ఉంది. ఎనిమిదంగుళాల గుండ్రటి పలకతో ఫోముని దాని మందంలో నాలుగోవంతు లోపలికి అణచడానికి ఎంత బలం పట్టిందో చూస్తారు, నాలుగంగుళాల ముక్క అయితే ఒక అంగుళం దిగేదాకా అన్నమాట. ఆ నంబరు మన కొట్లలో అట్ట మీద రాయరు. అందుకని మన ఒళ్ళే మనకి కొలపలక.

డెన్సిటీ మాత్రం ఇంట్లోనే తేల్చుకోవచ్చు, మోసపోనక్కరలేదు. పొడవు, వెడల్పు, మందం మూడూ అంగుళాల్లో గుణించి 61,024తో భాగిస్తే ఘనపు మీటర్లు వస్తాయి. దాన్ని డెన్సిటీతో గుణిస్తే కిలోలు. ఉదాహరణకి 72 × 36 × 6 పరుపు మొత్తం ఒకే ఫోముతో చేసిందే అయితే 0.255 ఘనపు మీటర్లు, 40 డెన్సిటీ అని అమ్మితే పది కిలోలకి కొంచెం పైన తూగాలి, 32 అయితే ఎనిమిది చిల్లర. పరుపు ఎత్తుకుని బరువు చూసే మిషను ఎక్కండి, మీ బరువు తీసేయండి, కవరుకి ఒక కిలో అటూఇటూ వదిలేయండి. ఏడు కిలోలే తూగిందంటే ఆ 40 అట్ట మీదదే గాని ఫోములోది కాదు. రెండు మూడు పొరలు కలిపిన పరుపుకి ఈ లెక్క పనికిరాదు, అప్పుడు పొరపొరకీ డెన్సిటీ ఎంతో బిల్లు మీద రాయించుకోండి.

ఇప్పుడు బరువు. ఒకే ఫోము ఇద్దరికి ఒకేలా ఉండదు. 48 కిలోల పిల్ల పడుకుంటే ఫోము దిగదు, పలక మీద పడుకున్నట్టే ఉంటుంది. 95 కిలోల మనిషి అదే ఫోము మీద పడుకుంటే పై రెండంగుళాలూ నలిగిపోయి అడుగు తగులుతుంది. కాబట్టి "ఇది గట్టి పరుపు, ఇది మెత్త పరుపు" అన్న మాటకి అర్థం లేదు, ఎవరికి అన్నది కూడా చెప్పాలి. పక్కింటివాళ్ళు కొన్నారని కొనేవాళ్ళు దెబ్బతినేది ఇక్కడే.

నేనూ దెబ్బతిన్నాను, అదీ ఈ పనిలో ఉండి. మా అమ్మకి నడుం నొప్పి. "గట్టి పరుపు మీద తొంగుంటే పోద్దన్నారు" అని ఎవరో చెప్పిన మాట పట్టుకుని ఒకటే గోల. నేను నాలుగంగుళాల రీబాండెడ్ ముక్క కోయించి, మంచి కవరు కుట్టి వేశాను. రీబాండెడ్ అంటే తెలుసుగా, ఫోము తుక్కుని ముక్కలు చేసి జిగురుతో కలిపి ఒత్తిడి పెట్టి దిమ్మలా చేస్తారు, కోస్తే రంగురంగుల చుక్కలు కనిపిస్తాయి. డెన్సిటీ 100. గొప్పగా చెప్పుకున్నాను కూడా. మా అమ్మ 46 కిలోలు, ఎప్పుడూ కుడిపక్కకి తిరిగి పడుకునే మనిషి. నాలుగో రోజుకి కుడి చెయ్యి తిమ్మిరెక్కిపోతోందంది, ఆ తర్వాత వారానికి పరుపుని గోడకి నిలబెట్టేసి పాత బూరుగుదూది పరుపు కింద పరుచుకుని పడుకుంది. తప్పు ఫోముది కాదు, నాదే. అంత తేలికపాటి ఒంటికి, అందులోనూ భుజం మీద బరువు పెట్టే మనిషికి, ఆ దిమ్మ ఒక్క అంగుళం కూడా దిగలేదు. చివరికి దాని మీద రెండంగుళాల మెత్తని ఫోము వేసి, రెంటికీ కలిపి ఒకే కవరు కుట్టాను. ఇప్పుడు బాగానే పడుకుంటోంది, ఆ పాత పరుపు మాత్రం పారేయనివ్వదు.

పక్కకి తిరిగి పడుకునేవాళ్ళకి కావలసింది ఇదే, పైన దిగే పొర, కింద ఆపే పొర. భుజమూ తుంటీ కాస్త లోపలికి దిగాలి, అప్పుడే నడుం గాల్లో వేలాడకుండా పరుపుకి ఆనుతుంది. 60 కిలోల లోపు వాళ్ళకి పైన రెండంగుళాల మెత్తని పొర చాలు, మొత్తం మందం ఐదంగుళాలున్నా సరిపోతుంది. 60 నుంచి 85 మధ్య అయితే మొత్తం ఆరంగుళాలు, పై పొర అంత మెత్తగా అక్కరలేదు. 85 దాటితే ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు, లోపలి ఫోము 40 డెన్సిటీకి తక్కువ కాకుండా చూసుకోండి, లేకపోతే రెండేళ్ళలో మళ్ళీ నా దగ్గరికే తెస్తారు. ఇవి నేను చూసినదాన్నిబట్టి పెట్టుకున్న అంచనాలు, కిలో అటూఇటూ అయితే కంగారుపడకండి.

వెల్లకిలా పడుకునేవాళ్ళ పని సులువు, మరీ గట్టీ మరీ మెత్తా కానిది ఏదైనా నడుస్తుంది. బోర్లా పడుకునేవాళ్ళకే చిక్కు. పొట్ట దగ్గర బరువెక్కువ కాబట్టి మెత్తని పరుపులో మధ్యభాగం కిందకి దిగి, నడుం వెనక్కి వంగిపోతుంది. వీళ్ళకి గట్టిగా ఉన్నది, పైన ఒక అంగుళానికి మించి మెత్తదనం లేనిది కావాలి. తలకింద పల్చని తలగడ, కుదిరితే పొట్ట కింద ఇంకోటి పల్చనిది. పసిపిల్లల సంగతి మాత్రం వేరు, వాళ్ళని గట్టిగా చదునుగా ఉన్నదాని మీద వెల్లకిలానే పడుకోబెట్టాలి, పెద్దవాళ్ళ మెత్తని ఫోము మీద వద్దు.

సరే, ఎంచుకున్నది సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుంది? దీనికే బొట్టుబిళ్ళలు.

ఒంటికి పట్టినట్టుండే బనియను వేసుకుని, ఇంట్లో ఎవరినైనా వెన్నెముక వెంబడి వేలితో తడుముతూ మెడ ఎముక నుంచి నడుం కింద దాకా నాలుగు వేళ్ళ ఎడంతో ఒక్కో స్టిక్కర్ బొట్టు అంటించమనండి. ఆరేడు పడతాయి. ఇప్పుడు మీరు రోజూ పడుకునే పక్కకే తిరిగి పడుకోండి. ఐదు నిమిషాలు కదలకుండా ఉన్నాక వెనకనుంచి, పరుపు ఎత్తులోనే ఫోను పెట్టి ఫొటో తీయమనండి. బొట్లన్నీ ఒకే గీత మీద ఉంటే ఆ పరుపు మీది. నడుం దగ్గర బొట్లు కిందకి జారి, తుంటి దగ్గరివి పైకి లేచి ఉంటే పరుపు మీకు గట్టిదైంది. గీత మొత్తం తుంటి వైపుకి కిందకి వాలిపోతే మెత్తదైంది, లేదా లోపల ఫోము చచ్చిపోయింది. మెడ దగ్గర బొట్టు ఒక్కటే వంకర పోతే పరుపుని తిట్టకండి, అది తలగడ తప్పు.

వెల్లకిలా పడుకునేవాళ్ళకి ఫొటో అక్కరలేదు. పడుకున్నాక నడుం కిందికి ఒకరిని చెయ్యి పెట్టమనండి. చెయ్యి ఇటునుంచి అటు తేలిగ్గా దూరిపోతే గట్టిది, అసలు దూరకపోతే మెత్తది, కాస్త రాసుకుంటూ దూరితే సరిగ్గా ఉన్నట్టు.

కొట్లో బొట్లు అంటించుకుని పడుకోమని చెప్పను గాని, చెప్పులు విప్పి పడుకోడానికి సిగ్గుపడకండి. గంటస్తంభం దగ్గర కొట్లలో చూస్తుంటాను, వేలకి వేలు పోసి కొనే పరుపుని అరచేత్తో రెండుసార్లు నొక్కి, అంచు మీద ఒకసారి కూర్చుని "బాగుంది, కట్టేయండి" అంటారు. వంకాయలు ఇంతకన్నా జాగ్రత్తగా ఏరుతారు. అరచెయ్యి బరువెంత, తుంటి బరువెంత? మీరు రాత్రి పడుకునే తీరులోనే పది పదిహేను నిమిషాలు పడుకోండి. అమ్మేవాడు ఇబ్బందిగా చూస్తే చూడనివ్వండి. మెమొరీ ఫోము అయితే ఇంకాసేపు ఉండాలి, అది ఒంటి వేడికి నెమ్మదిగా దిగుతుంది. సంక్రాంతి చలికి కాస్త బిర్రుగా, రోహిణి కార్తెలో మెత్తగా అయిపోతుంది కూడా. 1966లో నాసా వాళ్ళ కోసం విమానం సీట్లకి కనిపెట్టిన సరుకది, మన ఉక్కపోత చూసి చేసింది కాదు. ఏసీ లేని గదిలో రెండంగుళాలకి మించి మెమొరీ ఫోము నేను వేయించను.

మొగుడు 92 కిలోలు, పెళ్ళాం 52 అయితే ఏం చేయాలని చాలామంది అడిగారు. ఇద్దరి బరువూ కూడి ఫోము కొనకండి, ఎవరి చోట వాళ్ళే పడుకుంటారు. 78 × 72 మంచానికి 78 × 36 ముక్కలు రెండు, ఆయనకి గట్టిది ఒకటి ఆవిడకి మెత్తది ఒకటి, ఒకే మందంలో కోయించి పైన ఒకే కవరు కుట్టిస్తే బయటికి ఒక పరుపులాగే కనిపిస్తుంది. ఫోము కోసి ఇచ్చే కొట్టు ఉంటే ఇదేం పెద్ద పని కాదు. మధ్య అతుకు తగులుతుందని భయం ఉంటే రెండు ముక్కలకీ కలిపి పైన ఒకే అంగుళం పొర పరిపించండి, సరిపోతుంది.

మంచం గురించి ఒక్క మాట. నవారు మంచం, నులక మంచం మీద ఎంత మంచి ఫోము వేసినా అది మంచంతో పాటే ఉయ్యాలవుతుంది, ఇప్పటిదాకా చెప్పిన లెక్కలన్నీ వృథా. పట్టీల మంచమైతే పట్టీకీ పట్టీకీ మధ్య మూడంగుళాలకి మించి సందు లేకుండా చూడండి, ఉంటే ప్లైవుడ్ వేసేయండి. నేల మీద వేసుకునేవాళ్ళు వారానికోసారైనా గోడకి నిలబెట్టండి, మన సముద్రపు తేమకి అడుగున బూజు పడుతుంది. ఎండలో మాత్రం వేయకండి. దూది పరుపుని ఎండేసినట్టు ఫోముని ఎండేస్తే పసుపురంగుకి తిరిగి పొడిపొడిగా రాలుతుంది, దానికి నీడలో గాలి తగిలితే చాలు. శ్రీకాకుళంలో మా పిన్ని 2018లో తిత్లీ తుపానుకి తడిసిన పరుపుని నాలుగు రోజులు మేడ మీద ఎండేసింది, పైన ఆరింది గాని లోపల కంపు పోలేదు, చివరికి పారేసింది. నిలువునా తడిసిన ఫోము మీద ఆశ పెట్టుకోకండి.

ఈ వారం పని: ఇంట్లో అందరి బరువూ, పడుకునే తీరూ ఒక కాగితం మీద రాయండి, ఇప్పుడున్న పరుపు మీదే బొట్ల ఫొటో తీయండి. ఆ ఫొటోలో మెడ దగ్గర బొట్టు ఎటు పోయిందో గుర్తుపెట్టుకోండి, పై వారం తలగడ పాఠంలో దానితోనే పని. భుజం అంచు నుంచి చెవి దాకా ఎన్ని అంగుళాలుందో కొలిచి అదే కాగితం మీద పక్కన వేసుకోండి.