సౌదీ వీసాకు డబ్బు కట్టే ముందు ఆ దేశం లెక్కలు ఇలా చూడండి

దమ్మామ్‌లో ఒక కాంట్రాక్టింగ్ కంపెనీ అకౌంట్స్‌లో పనిచేశాను. జగిత్యాల వైపు పిల్లలు వీసా వచ్చిందని ఫోన్ చేస్తే, జీతం ఎంతని అడిగే ముందు అక్కడి సర్కారు చేతిలో డబ్బు ఆడుతోందో లేదో చూడమంటాను.

ముందు వృద్ధి రేటును చమురు, చమురేతర రంగాలుగా విడదీసి చదవండి. 2023లో సౌదీ జీడీపీ తగ్గిందనగానే చాలామంది టెన్షన్ పడ్డారు. తగ్గింది చమురు వాటా. ధర నిలబెట్టడానికి ఆ జూలై నుంచి సౌదీ తనంతట తానే రోజుకు 10 లక్షల బ్యారెళ్ల ఉత్పత్తి ఆపుకుంది. చమురేతర రంగం మాత్రం ఆ ఏడాది కూడా పెరిగింది. మనవాళ్లలో ఎక్కువమందికి పని దొరికేది కట్టడాలు, రవాణా, హోటళ్లలోనే కాబట్టి మీరు చూడాల్సిన అంకె అదే.

అయితే ఆ కట్టడాలకూ డబ్బు చాలావరకు చమురు నుంచే వస్తుంది. అందుకే ధరను వదలొద్దు. 2014 జూన్‌లో 110 డాలర్లు దాటిన బ్రెంట్ (ప్రపంచ చమురు ధరకు కొలమానంగా చూసే రకం) బ్యారెల్ 2016 జనవరిలో 30 కిందికి పడింది. రియాల్ 1986 నుంచి డాలరుకు 3.75 దగ్గరే కట్టేసి ఉంది. చమురు అమ్మితే వచ్చే డాలర్లు తగ్గితే, ఖజానాకు వచ్చే రియాళ్లూ అంతే తగ్గుతాయి. అప్పుడు ముందుగా ఆగేది కాంట్రాక్టర్ల బిల్లులు. ఇంజినీరు సంతకం అయిపోయిన బిల్లు కూడా నెలల తరబడి కదలదు. పెద్ద కంపెనీకి రాకపోతే దాని కింద సబ్ కాంట్రాక్టరుకు రాదు, అతని దగ్గర పనిచేసే మేస్త్రీకి అసలే రాదు. 2016లో వేలమంది భారతీయులు జీతాల్లేక క్యాంపుల్లో చిక్కుకుపోయారు. వాళ్ల తప్పు ఒక్కటీ లేదు.

బడ్జెట్ సరిపోవాలంటే బ్యారెల్ ఎంత పలకాలో ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి) అంచనా వేస్తుంది. దాన్ని ఇవాళ్టి ధరతో పోల్చండి. ఇవాళ్టి ధర దానికంటే తక్కువగా ఒక్క నెల ఉంటే ఫర్వాలేదు, అప్పు తెచ్చి నడుపుతారు. ఏడాది పైగా లోటు సాగితే మాత్రం, సౌదీ ఆర్థిక శాఖ మూడు నెలలకోసారి ఇచ్చే నివేదికలో పెట్టుబడి ఖర్చు (కట్టడాలు, ప్రాజెక్టులకు పెట్టేది) అంకె చూడండి. అది వరుసగా తగ్గుతుంటే కొత్త ప్రాజెక్టు వీసా తొందరపడి తీసుకోవద్దు.

చివరగా, అదే కంపెనీలో ఉన్న మనవాళ్ల నంబరు పట్టుకుని, గత మూడు నెలల జీతం ఏ తేదీన పడిందో అడగండి. ఏజెంటుకు డబ్బు కట్టడం ఆ తర్వాతే.