పాత కొరొల్లా మనమే బాగుచేసుకుందాం – 4వ పాఠం: వీవీటీ సోలినాయిడ్ మార్చడం

పోయిన పాఠంలో ఇంజన్ లైటు వెలిగితే స్కానర్ పెట్టి కోడ్, అంటే బండి కంప్యూటర్ చెప్పే తప్పు నంబరు, చదవడం దగ్గర ఆపాం కదా. మీలో ఎక్కువమందికి పీ0011 వచ్చుంటుంది, కొందరికి పీ1349, ఇంకొందరికి పీ0010. మూడూ ఒకే మూలకి వేలు చూపిస్తాయి, అదే వీవీటీ, అంటే వాల్వులు తెరుచుకునే టైముని ఇంజన్ నడుస్తుండగానే ముందుకీ వెనక్కీ జరిపే ఏర్పాటు. దాన్ని నడిపే కరెంటు వాల్వే ఈ సోలినాయిడ్. కానీ మూడు కోడ్లూ ఒకటి కాదండోయ్. పీ0010 అంటే కరెంటు దారిలో తేడా, అంటే వైరో ప్లగ్గో సోలినాయిడ్ లోపలి కాయిలో. పీ0011 అంటే ఇన్‌టేక్ క్యామ్‌షాఫ్ట్, అదే గాలి లోపలికొచ్చే వాల్వులని తెరిచే ఇరుసు, ఉండాల్సిన దానికంటే ముందుకెళ్ళి అక్కడే కూర్చుంది. పీ1349 అంటే కంప్యూటర్ మాట క్యామ్ వినట్లేదు, అంతే.

నేను చెప్పేది 2003 నుంచి 2008 దాకా మన దగ్గర అమ్మిన కొరొల్లా గురించి, 1.8 లీటర్ల 1జెడ్‌జెడ్ ఇంజన్. వేరే బండైనా సూత్రం ఇంచుమించు ఇదే, బోల్టు ఎక్కడుందో మాత్రం మీరే వెతుక్కోవాలి.

ముందు ఇది చేసే పనేంటో ఒక్క నిమిషం. ఇన్‌టేక్ క్యామ్ చివర చైన్ చక్రం ఉంటుంది, దాని లోపల రెండు రకాల గదులు, ఒక వైపు ఆయిల్ నిండితే క్యామ్ ముందుకి జరుగుతుంది, రెండో వైపు నిండితే వెనక్కి. ఏ వైపుకి ఆయిల్ వదలాలో తేల్చేది ఈ సోలినాయిడ్. పొలంలో మడవ తిప్పుతాం చూడండి, ఈ కాలవ మూసి ఆ కాలవకి నీళ్ళు వదిలినట్టు, అచ్చం అదే పని. కంప్యూటర్ కరెంటు ఇస్తే లోపలున్న సన్నటి కడ్డీ ముందుకి జరుగుతుంది, కరెంటు ఆపితే స్ప్రింగు వెనక్కి నెడుతుంది. జరిపే బలమంతా ఇంజన్ ఆయిల్ ప్రెషర్‌దే, సోలినాయిడ్‌ది కాదు. ఈ ఒక్క ముక్క బుర్రలో పెట్టుకుంటే సగం డబ్బులు మిగుల్తాయి, ఎందుకంటే ఆయిల్ తక్కువున్నా, తారులా చిక్కబడినా, అక్కర్లేనంత చిక్కటిది పోసినా సోలినాయిడ్ శుభ్రంగా ఉండి కూడా ఇదే కోడ్ వస్తుంది, మనం పార్టు మార్చి వారం తర్వాత మళ్ళీ అదే లైటు చూసి తల పట్టుకుంటాం.

అందుకే మొదట ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ తియ్యండి. ఈ ఇంజన్‌కి 5డబ్ల్యూ-30 రకం పల్చటి ఆయిల్ కావాలి, ఫిల్టర్‌తో కలిపి 3.7 లీటర్లు. నేను కొన్నప్పుడు నా బండిలో 20డబ్ల్యూ-50 ఉంది, "ఎండలకి చిక్కటిదే మంచిది సార్" అని ఎవరో పోసేశారు. ఆ మాట లారీ ఇంజన్లకి చెల్లుతుందేమో గానీ ఇంత సన్నటి దారుల్లో ఆయిల్ పరిగెత్తాల్సిన చోట చెల్లదు. ఆయిల్ మార్చి ఓ 200 కిలోమీటర్లు తిప్పి చూడండి, కొన్నిసార్లు పాఠం ఇక్కడితోనే అయిపోతుంది.

అవ్వలేదా, అయితే బానెట్ ఎత్తండి. డ్రైవర్ సీట్లోంచి చూస్తే ఇంజన్‌కి కుడి చివర, బెల్టు ఉన్న వైపు, హెడ్‌కి, అంటే ఇంజన్ పై భాగానికి, ముందు వైపు బొటనవేలంత స్థూపం ఒకటి బయటికి కనిపిస్తుంది, రెండు వైర్ల ప్లగ్గుతో. అదే మన దొంగ. ఇంజన్ ఐడిల్‌లో ఉండగా ప్లగ్గు పీకండి, ఇంజన్ మామూలుగానే తిరగాలి. ఇప్పుడు బ్యాటరీ నుంచి ఫ్యూజు ఉన్న రెండు వైర్లు తెచ్చి సోలినాయిడ్ పిన్నులకి ఓ రెండు సెకన్లు తాకించండి. పిన్నులకే, బండి వైపు నుంచి వచ్చే ప్లగ్గుకి పొరపాటున కూడా కాదు, అటు కంప్యూటర్ ఉంది. తాకించగానే ఇంజన్ కొట్టుకోవాలి లేదా ఆగిపోవాలి, అలా అయితే వాల్వ్ కదుల్తోంది, ఆయిల్ దారి కూడా తెరిచే ఉంది. ఏ మార్పూ లేకపోతే వాల్వ్ ఇరుక్కుంది లేదా ఆయిల్ అందట్లేదు.

ఇంజన్ ఆపేసి చల్లారాక సోలినాయిడ్ రెండు పిన్నులకి మల్టీమీటర్ పెట్టండి. 20 డిగ్రీల దగ్గర 6.9 నుంచి 7.9 ఓమ్‌లు రావాలని లెక్క, కానీ మన బెజవాడ మే నెలలో రాగి వైరు కూడా కాగుతుంది కాబట్టి 8.5 చూపించినా కంగారొద్దు. ఏమీ చూపించకపోతే కాయిల్ తెగింది, ఇక ఆలోచన లేదు, కొత్తది తెచ్చుకోవడమే.

ఇప్పుడు విప్పడం. బ్యాటరీ నెగటివ్ తీసెయ్యండి. సోలినాయిడ్ చుట్టూ ఉన్న మట్టి ముందే బ్రష్షుతో తుడవండి, లేకపోతే అది బయటికొచ్చిన క్షణం ఆ మట్టంతా నేరుగా హెడ్ లోకి పోతుంది. కింద ఆల్టర్నేటర్, బెల్టు ఉన్నాయి, వాటి మీద పాత లుంగీ ముక్క కప్పండి, కాస్త ఆయిల్ కారడం ఖాయం. పదో నంబర్ పానాతో ఒకే ఒక్క బోల్టు. అది తీశాక స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తడం గట్రా వద్దు, అల్యూమినియం హెడ్ గీరుకుపోతుంది. చేత్తో పట్టుకుని కుడికీ ఎడమకీ తిప్పుతూ ఉండండి, ఇరవయ్యేళ్ళుగా అతుక్కున్న రబ్బరు వదలడానికి టైం పడుతుంది, వదిలాక లాగితే వచ్చేస్తుంది.

బయటికొచ్చాక ఓ-రింగు, అంటే ఆయిల్ కారకుండా ఆపే ఆ రబ్బరు చుట్టు, దాంతోపాటు వచ్చిందో లేదో చూడండి. నా మొదటిసారి అది రంధ్రంలోనే ఉండిపోయింది, నేను చూసుకోలేదు, దాని మీదే కొత్త రింగుతో కొత్త సోలినాయిడ్ దూర్చేసి బోల్టు బిగించి ఎంత పనోణ్ణో అని మీసం తిప్పుకుని మంగళగిరి దాకా వెళ్ళొచ్చేసరికి ఆల్టర్నేటర్ ఆయిల్లో స్నానం చేసుంది. టార్చి వేసి చూసుంటే పోయేది.

తీసిన దాన్ని కార్బొరేటర్ క్లీనర్ కొట్టి కడగండి, ఆరాక 12 వోల్టులు ఒక్క క్షణం ఇచ్చి చూడండి, దాని పక్కలున్న కిటికీల్లాంటి కంతల్లోంచి కడ్డీ చటుక్కున కదలడం కనిపిస్తుంది. ఎక్కువసేపు పట్టుకుంటే కాయిల్ కాగుతుంది, దాదాపు 1.7 ఆంపియర్లు లాగుతుంది అది. గట్టిగా కదిలి గట్టిగా వెనక్కొస్తే పాతదే పెట్టుకోవచ్చు, ఓ-రింగు మాత్రం కొత్తది వెయ్యాల్సిందే. సగంలో ఆగుతూ నీరసంగా వస్తుంటే మొహమాటం లేకుండా మార్చెయ్యండి.

ఇంకోటుంది, దీన్ని చాలామంది మెకానిక్కులు కూడా వదిలేస్తారు. సోలినాయిడ్‌కి ఆయిల్ వచ్చే దారిలో, హెడ్‌లోనే ఒక ప్లగ్ బోల్టు వెనక చిన్న జల్లెడ ఉంటుంది, టీ వడపోసేదానికి పిల్లలా. అది మూసుకుపోయుంటే కొత్త సోలినాయిడ్ ఎంత మంచిదైనా ఎండిన కాలవ దగ్గర మడవ తిప్పినట్టే. తీసి కడిగి వెలుతురుకి పెట్టి చూసి, చిరగకపోతే మళ్ళీ పెట్టండి, బోల్టు కింద వాషర్ కొత్తది వెయ్యండి.

బిగించేటప్పుడు ఓ-రింగుకి కొత్త ఆయిల్ రాసి, నెమ్మదిగా తిప్పుతూ లోపలికి నొక్కి, బోల్టు ముందు చేత్తో పట్టించి తర్వాత 9 న్యూటన్ మీటర్లు. బిగువు కొలిచే టార్క్ రెంచి లేకపోతే చిన్న పానా తలకాయ దగ్గర పట్టుకుని మణికట్టు బలంతో ఆపెయ్యండి, భుజం కలిపారంటే మర పోతుంది. ప్లగ్గు క్లిక్కుమనాలి, బ్యాటరీ తగిలించాలి, కోడ్ చెరిపెయ్యాలి.

స్టార్ట్ చేసి పది నిమిషాలు అక్కడే నిలబడి టార్చి వేసి చూడండి, చెమ్మ కనిపిస్తే ఆపెయ్యండి. పొడిగా ఉంటే ఓ రెండ్రోజులు సిటీలోనూ హైవేలోనూ తిప్పి మళ్ళీ స్కానర్ పెట్టండి. పీ0011 పోయి పీ1346గానీ పీ0016గానీ వచ్చిందంటే మాత్రం మన దొంగ ఇతను కాదు, క్యామ్‌ని తిప్పే టైమింగ్ చైన్ సాగిందేమో చూడాలి, 5వ పాఠం దాని గురించే. దానికి వాల్వ్ కవర్ విప్పాలి, ఆ కవర్ కింద వేసే గ్యాస్కెట్ ఈ వారంలోనే తెచ్చి పెట్టుకోండి.