రాగి సంగటిలో ఉండలు: మా ఇంట్లో పనిచేసిన పద్ధతి

తిరుపతిలో మా ఇంట్లో ఆదివారం వంట మా ఆవిడా నేనూ కలిసే చేస్తాం. సంగటి పైకి నున్నగానే ఉండేది, ముద్ద విరిస్తే లోపల పొడి పిండి ఉండలు. పిండి జల్లించాం, కుక్కర్లో పెట్టాం, చన్నీళ్లలో కలిపి పోశాం (ఉండలు పోయాయి కానీ జిగురైంది).

చివరికి కుదిరింది ఇలా. గ్లాసు బియ్యం అరగంట నానబెట్టి, ఆరు గ్లాసుల నీళ్లలో మెత్తగా ఉడికించాలి. నీళ్లు ఇంకా తెర్లుతుండగానే గ్లాసు గంజి తీసి పక్కన పెట్టాలి. రెండు గ్లాసుల రాగిపిండి మధ్యలో కుప్పగా పోయాలి. అసలు కిటుకు ఇక్కడే: కలపకూడదు. కట్టె కాడతో కుప్పలో నాలుగైదు చోట్ల అడుగుదాకా పొడవాలి, మూత పెట్టి సన్నమంట మీద పది నిమిషాలు వదిలేయాలి. ఆ రంధ్రాల్లోంచి గంజి పొంగి పిండిని తడుపుతుంది. వెంటనే కెలికితే పైపొర ఉడికి గట్టిపడి, లోపలి పొడికి తడి అందదు. నా చెయ్యి కట్టె మీదికి పోతే "ఉండండీ, పిండి రంగు మారనీండి" అంటుంది మా ఆవిడ. లేత రంగులో ఉన్న పిండి ముదురు గోధుమరంగుకు తిరగాలి.

అప్పుడు దించి, గిన్నె నేలమీద పెట్టి, ఆమె గుడ్డతో గట్టిగా పట్టుకుంటే నేను గిన్నె అంచుకు అదిమి కెలుకుతాను. గట్టిగా ఉంటే తీసిపెట్టిన గంజి కొద్దికొద్దిగా. చేతికి నీళ్లు తడిచేసుకుని ముద్దలు కట్టాలి.

ఇది మిల్లులో పట్టించిన పిండితో, మందపాటి గిన్నెలో. ప్యాకెట్ పిండికి నీళ్లు మారొచ్చు; పల్చటి గిన్నెలో అడుగంటుతుందేమో. నాటుకోడి పులుసు లేకపోయినా చెనక్కాయల ఊరిబిండి (వేరుశనగ పచ్చడి) చాలు.