స్పీకరు నుంచి ఇయర్‌ఫోన్‌కు దానంతట అదే మారే సర్క్యూట్ – 4వ పాఠం: మైనస్ తీగ గ్రౌండ్ కాదు

ఈసారి లైన్ అవుట్‌కు ఇయర్‌ఫోన్ యాంప్లిఫయర్ కట్టడం చెప్పాల్సింది. అది వచ్చే పాఠానికి పోయింది. 3వ పాఠం చూసి కట్టిన బోర్డుల్లో చాలా వాటికి ఒకటే జబ్బు పట్టుకుంది. ముందు దాని సంగతి తేల్చకుండా ముందుకు వెళ్తే మరిన్ని చిప్పులు కాలతాయి.

3వ పాఠంలో కట్టింది టీడీఏ2822ఎం అనే యాంప్లిఫయర్ ఐసీతో స్టీరియో సర్క్యూట్. 6 వోల్టుల బ్యాటరీ, ఒక్కో ఛానెల్ అవుట్‌పుట్‌లో 470 మైక్రోఫారడ్ కెపాసిటర్, అక్కడి నుంచి ఐదు పిన్నుల 3.5 ఎంఎం జాక్. ప్లగ్ పెట్టగానే జాక్ లోపలి రేకు పక్కకు జరిగి స్పీకర్ల ప్లస్ తెగిపోతుంది. రెండు స్పీకర్ల మైనస్‌లూ జాక్ గ్రౌండ్ పిన్‌కే. పాకెట్ రేడియోల్లో ఏళ్ల తరబడి నడిచిన పద్ధతి ఇది. 2822 మీద కట్టినవాళ్లకు పనిచేసింది. ఫిర్యాదులు వచ్చినవన్నీ అదే జాక్‌ను పీఏఎం8403 (ఇంకో యాంప్లిఫయర్ చిప్) బోర్డు అవుట్‌పుట్‌కు తగిలించిన వాళ్ల నుంచే: చిప్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతోంది, స్పీకరు టిక్‌టిక్‌మంటోంది, ఇయర్‌ఫోన్‌లో ఒక చెవి పోయింది.

8403 చవక, చిన్నది, 5 వోల్టుల మొబైల్ ఛార్జర్ మీద నడుస్తుంది. అందుకే అందరూ అదే కొంటున్నారు, అందులో తప్పేమీ లేదు. కానీ అది బ్రిడ్జ్ యాంప్లిఫయర్. స్పీకరుకు వెళ్లే రెండు తీగల్లో ఏదీ గ్రౌండ్ కాదు. రెండింటినీ చిప్పే నడుపుతుంది. ఒకే రోట్లో ఇద్దరు రోకళ్లు వేస్తున్నట్టు, ఒకటి లేస్తే రెండోది దిగుతుంది. బోర్డు మీద మైనస్ గుర్తు ఉన్నంత మాత్రాన అది గ్రౌండ్ అయిపోదు. ఆ గుర్తు రెండు స్పీకర్లూ ఒకే ఫేజ్‌లో ఉండటానికి పెట్టింది, అంతే.

ఇయర్‌ఫోన్ ప్లగ్ సంగతి వేరు. ఎడమకొకటి, కుడికొకటి, ఇద్దరికీ కలిపి ఒకే గ్రౌండ్. కాబట్టి 8403 అవుట్‌పుట్‌కు జాక్ తగిలించిన క్షణమే ఎడమ మైనస్, కుడి మైనస్ ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. స్టీరియో పాటలో ఎడమ, కుడి సిగ్నళ్లు ఒకేలా ఉండవు. ఒక మైనస్ 5 వోల్టుల వైపు లాగుతున్నప్పుడు రెండోది సున్నా వైపు లాగుతుంది, మధ్యలో అడ్డంగా ఏ స్పీకరూ లేదు. చిప్‌లోని షార్ట్ రక్షణ ఆపుతుంది, మళ్లీ మొదలుపెడుతుంది, మళ్లీ ఆపుతుంది. మీరు విన్న టిక్‌టిక్ అదే. జాక్ లోహపు గొట్టం డబ్బా ద్వారానో యూఎస్‌బీ ద్వారానో సప్లై గ్రౌండ్‌కు తగిలితే ఇంకా ఘోరం, ఎందుకంటే ఆ మైనస్ మీద సగటున 2.5 వోల్టులు ఉంటాయి.

"మైనస్ వదిలేసి ప్లస్‌లు రెండే తీసుకుని, జాక్ గ్రౌండ్‌ను సప్లై గ్రౌండ్‌కు ఇస్తే?" అని చాలామంది అడిగారు. లెక్క చూడండి. 2.5 వోల్టులు, 32 ఓమ్‌ల ఇయర్‌ఫోన్: 78 మిల్లీఆంపుల డీసీ, దాదాపు 195 మిల్లీవాట్లు. పాట లేకపోయినా అంత కరెంటు పారుతూనే ఉంటుంది. చిన్న ఇయర్‌ఫోన్ లోపలి తీగచుట్టకు అది వేడి తప్ప శబ్దం కాదు. ఒక చెవి పోయిందన్న వాళ్ల కథ ఇదే. 16 ఓమ్‌లదైతే ఇంతకు రెట్టింపు.

"220 మైక్రోఫారడ్ కెపాసిటర్ సిరీస్‌లో పెడితే డీసీ ఆగుతుంది కదా" అన్నది తర్వాతి ప్రశ్న. ఆగుతుంది. కానీ 8403 బయటికి పంపేది పాట రూపం కాదు. సెకనుకు రెండున్నర లక్షలకు పైగా సార్లు సున్నాకూ 5కూ మధ్య దూకే పలకల తరంగం అది. పక్కనే ఉన్న స్పీకరుకు పొట్టి తీగతో అది చెల్లిపోతుంది. మీటరు పొడవున్న ఇయర్‌ఫోన్ తీగకు ఇస్తే అదే యాంటెన్నా అవుతుంది, పక్కన రేడియో ఉంటే తెలుస్తుంది. అలా కెపాసిటర్ పెట్టి గీసిన సర్క్యూట్ బొమ్మలు ఎక్కడ కనిపించినా పక్కన పెట్టండి. కెపాసిటర్ విలువ మార్చి బాగుచేయగల తప్పు కాదది.

మీ బోర్డు బ్రిడ్జ్‌దో కాదో ఐసీ పేరు చూసి చెప్పకండి. 2822ఎం స్టీరియోగానూ కడతారు, బ్రిడ్జ్ మోనోగానూ కడతారు. 12 వోల్టుల 4440 కూడా అంతే: రెండు ఛానెళ్లుగా ఒకలా, బ్రిడ్జ్‌లో ఒకలా. మల్టీమీటర్ డీసీ 20 వోల్టులలో పెట్టండి, పాట ఆపండి, నల్ల ప్రోబ్ సప్లై మైనస్ మీద, ఎర్రది స్పీకరు టెర్మినళ్ల మీద ఒక్కొక్కటిగా. రెండింటి మీదా సప్లైలో సగం వస్తే బ్రిడ్జ్. రెండూ సున్నా అయితే కెపాసిటర్ అవుట్‌పుట్ ఉన్నది, 3వ పాఠం పద్ధతి నడుస్తుంది. అయితే 12 వోల్టుల 4440కు మాత్రం ఇయర్‌ఫోన్ నేరుగా తగిలించకండి, అక్కడ చెవులే పోతాయి.

ఇప్పుడు మందు. ఇయర్‌ఫోన్‌ను యాంప్లిఫయర్ తర్వాత కాదు, ముందు పెట్టాలి. ఫోనో కంప్యూటరో ఇచ్చే ఇయర్‌ఫోన్ అవుట్‌పుట్‌కు 32 ఓమ్‌లను నడిపే సత్తా ఉండనే ఉంది. జాక్‌ను అక్కడే పెట్టి, ప్లగ్ దిగిందని తెలియగానే 8403ను నిద్రపుచ్చితే చాలు. స్పీకరు తీగల జోలికి వెళ్లనక్కర్లేదు.

కావాల్సినవి: స్విచ్ ఉన్న ఐదు పిన్నుల 3.5 ఎంఎం జాక్, ఒక 2ఎన్7000 (మాస్‌ఫెట్ ట్రాన్సిస్టర్; కాళ్లు సోర్స్, గేటు, డ్రెయిన్), 1 కిలో ఓమ్ రెసిస్టర్లు రెండు, 100 కిలో ఓమ్‌లవి మూడు, 1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి. కోఠీ గుజరాతీ గల్లీ లాంటి చోట్ల యాభై రూపాయలకు లోపే అన్నీ వస్తాయి. రిలే మాడ్యూల్ వాడతామన్నవాళ్లకు ఒక మాట: 5 వోల్టుల చిన్న రిలే కాయిల్ ఒక్కటే 70 మిల్లీఆంపులు తింటుంది, పైగా ప్లగ్ పెట్టిన ప్రతిసారీ టక్కుమంటుంది. పాట ఆపడానికి అంత ఆర్భాటం నాకు నచ్చదు.

పాట ఇచ్చే ఫోన్ లేదా కంప్యూటర్ ఎడమ తీగ జాక్ టిప్ (ప్లగ్ మొన తగిలే) పిన్‌కు, కుడి తీగ రింగ్ (మొన పక్క ముక్క తగిలే) పిన్‌కు, గ్రౌండ్ గ్రౌండ్‌కు. అదే ఎడమ, కుడి తీగలు వాల్యూమ్ పాట్ మీదుగా 8403 ఇన్‌పుట్‌కు కూడా వెళ్తాయి. టిప్ నుంచి గ్రౌండ్‌కు 1 కిలో, రింగ్ నుంచి గ్రౌండ్‌కు 1 కిలో. జాక్‌లో టిప్‌తో కలిసి ఉండే స్విచ్ పిన్‌ను 100 కిలో ద్వారా 5 వోల్టులకు లాగండి. రింగ్ స్విచ్ పిన్ ఖాళీగా వదిలేయండి. టిప్ స్విచ్ పిన్ నుంచి ఇంకో 100 కిలో మీదుగా 2ఎన్7000 గేటుకు, గేటు నుంచి గ్రౌండ్‌కు 1 మైక్రోఫారడ్, ప్లస్ గేటు వైపు. 2ఎన్7000 సోర్స్ పిన్ సప్లై గ్రౌండ్‌కు. డ్రెయిన్ 8403 చిప్ 12వ పిన్‌కు, గ్రౌండ్‌కు లాగితే చిప్‌ను నిద్రపుచ్చే పిన్ అదే. మూడో 100 కిలో 12వ పిన్ నుంచి 5 వోల్టులకు.

ప్లగ్ లేనప్పుడు స్విచ్ పిన్ టిప్‌కు తగిలి ఉంటుంది. 100 కిలో, 1 కిలో మధ్య 5 వోల్టులు పంచుకుంటే అక్కడ మిగిలేది 50 మిల్లీవోల్టులు. ట్రాన్సిస్టర్ ఆఫ్, స్పీకరు మోగుతుంది. ప్లగ్ దిగితే రేకు విడిపోతుంది, స్విచ్ పిన్ 5 వోల్టులకు ఎగబాకుతుంది, ట్రాన్సిస్టర్ 12వ పిన్‌ను గ్రౌండ్‌కు లాగుతుంది, చిప్ నిద్రపోతుంది. మార్పు రెండు వైపులా సెకనులో పదో వంతులో జరుగుతుంది.

గేటు ముందున్న 100 కిలో, 1 మైక్రోఫారడ్ దండగని తీసేయకండి. ప్లగ్ లేనప్పుడు ఎడమ ఛానెల్ పాట కూడా అదే పిన్ మీద ఆడుతుంటుంది. ఆ రెండూ పాటను వడకట్టి డీసీని మాత్రమే గేటుకు పంపుతాయి. 2ఎన్7000 దొరక్క బీసీ547 (మామూలు ట్రాన్సిస్టర్, గేటు బదులు బేస్ ఉంటుంది) పెట్టేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. బేస్‌ను నేరుగా కలిపితే 0.6 వోల్టులు దాటిన ప్రతి శిఖరాన్నీ అది కోసేస్తుంది, ఎడమ స్పీకరు బొంగురుపోతుంది. ఇదే విలువలతో బీసీ547 పనిచేస్తుంది, కానీ తిప్పి పెట్టాలి. చదునైన ముఖం మీ వైపు ఉంచితే 2ఎన్7000కు ఎడమ నుంచి సోర్స్, గేటు, డ్రెయిన్. బీసీ547కు కలెక్టర్, బేస్, ఎమిటర్.

ఇక చెయ్యి వణికే పని. మామూలు 8403 బోర్డుల్లో 12వ పిన్‌ను రాగి దారితో నేరుగా 5 వోల్టులకు కలిపేస్తారు. అలాగే ఉంచి ట్రాన్సిస్టర్‌తో గ్రౌండ్‌కు లాగితే సప్లైనే షార్ట్ చేసినట్టు. చుక్క ఉన్న మూల పైన ఎడమకు వచ్చేలా పెట్టుకోండి. ఎడమ వరుసలో పై నుంచి కిందికి 1 నుంచి 8, కుడి వరుసలో కింద నుంచి పైకి 9 నుంచి 16. కుడి వరుసలో కింద నుంచి నాలుగోది 12. పవర్ తీసి, మల్టీమీటర్‌తో దానికీ 5 వోల్టులు వచ్చే 6వ పిన్‌కూ మధ్య బీప్ చూడండి. మోగితే ఆ పిన్‌ను లేపాలి. సన్నని సూది పిన్ కిందికి వాలుగా దూర్చి, ఐరన్ మొనతో రెండు సెకన్లు వేడి చేసి, సోల్డర్ కరగగానే సూదిని వెంట్రుకవాసి ఎత్తండి. గట్టిగా ఎత్తితే పిన్ మొదట్లో విరుగుతుంది, ఆ చిప్ ఇక దీనికి పనికిరాదు. బీప్ ఆగిందని చూశాకే, చదరపు మిల్లీమీటరులో పదో వంతు కూడా లేని సన్నని ఎనామిల్ తీగ దానికి అతికించి, తీగను వేడి గమ్‌తో బోర్డుకు బిగించండి. లేకపోతే మొదటిసారి కదిపినప్పుడే పిన్‌తో సహా ఊడుతుంది.

ట్రాన్సిస్టర్ కలిపే ముందు ఒక పరీక్ష: 12వ పిన్ తీగను 1 కిలో ద్వారా గ్రౌండ్‌కు తాకించండి. పాట ఆగి, తీస్తే మళ్లీ రావాలి. అలా జరగకపోతే లేపింది 12 కాదు, 13 అయి ఉంటుంది. ఎక్కువమంది లెక్క తప్పేది ఇక్కడే.

ఒక ఫిర్యాదు మాత్రం సర్క్యూట్‌ది కాదు. "ఇయర్‌ఫోన్‌లో గాయని గొంతు మాయమైంది, వాయిద్యాలే వినిపిస్తున్నాయి." మైక్ బటన్ నొక్కి పట్టుకుని వినండి, గొంతు తిరిగి వస్తుంది. ఫోన్ ఇయర్‌ఫోన్ ప్లగ్‌కు నాలుగు ముక్కలు: ఎడమ, కుడి, గ్రౌండ్, చివర మైక్. మూడు ముక్కల జాక్‌లో గ్రౌండ్ రేకు మైక్ ముక్క మీద కూర్చుంటే రెండు చెవులూ సిరీస్‌లో పడి, ఎడమ కుడి రెండింటిలో ఒకేలా ఉన్నది కొట్టుకుపోతుంది. గొంతును మధ్యలో పెట్టి రికార్డు చేస్తారు కాబట్టి ముందు పోయేది అదే. బటన్ నొక్కితే మైక్, గ్రౌండ్ కలుస్తాయి కనుక సరిపోతుంది. మైక్ లేని ఇయర్‌ఫోన్ వాడండి, లేదా స్విచ్ ఉన్న నాలుగు ముక్కల జాక్ తెచ్చి దాని గ్రౌండ్, మైక్ పిన్నులు రెండూ కలిపి గ్రౌండ్‌కు ఇవ్వండి.

అభ్యాసం. పాట ఇచ్చే ఫోన్ తీగ పీకేసి, ప్లగ్ లేకుండా, ప్లగ్ పెట్టి, స్విచ్ పిన్, గేటు, 12వ పిన్ వోల్టేజీలు రాసుకోండి. ముల్లు తిరిగే పాత మీటర్‌తో స్విచ్ పిన్ దగ్గర 5 బదులు 3.3 చూపిస్తే కంగారు పడకండి. 10 వోల్టుల రేంజిలో ఆ మీటరే 200 కిలో ఓమ్‌ల బరువు వేస్తుంది. ఆ తర్వాత ఇద్దరు వినేలా రెండో జాక్ చేర్చండి, ఏ ఒక్క దాంట్లో ప్లగ్ దిగినా స్పీకరు ఆగాలి. మొదట రెండో 2ఎన్7000తో చేయండి. తర్వాత దాన్ని తీసేసి, ఒకే ట్రాన్సిస్టర్, రెండు 1ఎన్4148 డయోడ్లతో చేయండి. రెండో పద్ధతిలో ప్లగ్ తీశాక కూడా స్పీకరు తిరిగి రాదు. గేటుకు 1 మెగా ఓమ్ ఎక్కడ పెడితే వస్తుందో, అది లేకపోతే ఎందుకు రాదో, పెట్టాక గేటు మీద ఎన్ని వోల్టులు మిగులుతాయో లెక్క కట్టి పంపండి.