ఇంటి దగ్గరే కారు మరమ్మతు – 3వ పాఠం: చెప్పకుండా పోయే బ్యాటరీ

ఇంజను ఆపి కొన్ని గంటలు ఉంచిన తర్వాత వోల్టులు కొలిచే మల్టీమీటరు 12.6 వోల్టులు చూపితే బ్యాటరీ నిండుగా ఉన్నట్టని, 12.2 చూపితే దాదాపు సగం దిగినట్టని గత పాఠంలో చెప్పుకున్నాం. అయితే పొద్దున 12.6 చూపిన బ్యాటరీతోనే హనుమకొండ నుంచి కాజీపేట స్టేషనుకు వెళ్లి, పది నిమిషాలు ఆగి తాళం తిప్పితే, 'టక్' మన్న చప్పుడు తప్ప సెల్ఫ్ తీసుకోకపోవచ్చు. మీటరు అబద్ధం చెప్పలేదు. మనం అడిగిన ప్రశ్నే చాలలేదు.

పన్నెండు వోల్టుల బ్యాటరీ అంటే వరుసగా కలిపిన ఆరు సెల్స్. ఒక సెల్ నుంచి మరొక సెల్‌కు కరెంటు మధ్యగోడలోని సీసపు అతుకు గుండా పోతుంది. ఏళ్ల తరబడి కుదుపులకూ తుప్పుకూ ఆ అతుకు బీటలు వారినా, లోపలి దీపానికి కావలసిన కొద్దిపాటి కరెంటును అది మోయగలదు. స్టార్టర్ మోటారు ఒక్కసారిగా నూట యాభై ఆంపియర్లో, అంతకు మించో లాగినప్పుడు మాత్రం తెగిపోతుంది. నానిన చేదతాడు ఖాళీ బొక్కెనను మోసి, నిండు బొక్కెనకు తెగినట్టే ఇది. సెల్ లోపలి సీసపు పలకల మీది పదార్థం రాలి అడుగున పేరుకొని, రెండు పలకలను కలిపివేస్తే ఒక సెల్ పోతుంది. అప్పుడు మీటరు 10.5 దగ్గర ఆగి, ఎంత ఛార్జి చేసినా పైకి రాదు.

రామగుండం వైపు మే నెలలో 45 డిగ్రీలు దాటే ఎండ ఈ తుప్పును వేగిరపరుస్తుంది, బ్యాటరీలోని నీటినీ తగ్గిస్తుంది. పాత కార్బురేటర్ బండ్లు చాలాసేపు మూలుగుతూ స్టార్టయ్యేవి గనుక, ఆ మూలుగు సాగిందంటే బ్యాటరీ సంగతి చెవికే తెలిసేది. ఇంధనాన్ని కొలిచి చిమ్మే ఇప్పటి ఇంజెక్షన్ ఇంజన్లు రెండు చుట్లలో అందుకోవడం వల్ల ఆ ముందస్తు కబురు మనకు అందడం లేదు. ముందు తెలియలేదని మెకానిక్‌ను తిట్టుకోవడం అన్యాయం.

ఇక అభ్యాసం. ముందుగా బ్యాటరీకి తీగలు బిగించే టెర్మినళ్ల మీది తెల్లపొడిని తుడిచి బిగించండి. వదులు టెర్మినల్ కూడా అచ్చం ఇవే లక్షణాలు చూపి, మంచి బ్యాటరీని పారేయిస్తుంది. గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేకు వేసి, మీటరు తీగలను ఫ్యాను బెల్టుకు దూరంగా బ్యాటరీ స్తంభాలకే తాకించి, మరొకరిని తాళం తిప్పమనండి. స్టార్టర్ ఇంజనును తిప్పుతున్న ఆ క్షణంలో కనిపించే కనిష్ఠ అంకె 10కి పైన ఉంటే సరే. పూర్తిగా ఛార్జయిన బ్యాటరీయే 9.6 కిందికి జారితే, దూర ప్రయాణానికి దాన్ని నమ్ముకోకుండా దుకాణంలో లోడ్ పరీక్ష (ఎక్కువ కరెంటు లాగి చూసే పరీక్ష) చేయించండి. వారానికొకసారి ఆ అంకెను తేదీతో రాసుకోండి. వచ్చే పాఠంలో, ఇంజను నడుస్తుండగా బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటర్‌ను పరీక్షించేటప్పుడు ఆ కాగితం కావాలి.