మనసు, ఒప్పించడం, వ్యాపార ప్రకటనలు: ఈ రంగాల ఆంగ్ల పదాలను పట్టు చిక్కేలా నేర్చుకోవడం ఎలా?

మనసు గురించీ, ఎదుటివారిని ఒప్పించడం గురించీ, వ్యాపార ప్రకటనల గురించీ ఆంగ్లంలో వాడే పదాలు ఒకదానికొకటి చాలా దగ్గరగా ఉంటాయి. వాటిని జాబితాగా రాసుకుని పక్కన తెలుగు అర్థాలు చేర్చుకుంటూ పోతే నాలుగైదు పదాలకు ఒకే అర్థం వచ్చి కూర్చుంటుంది. ‘పర్‌స్వేడ్’, ‘కన్విన్స్’, ‘కోక్స్’, ‘కజోల్’, ‘మానిప్యులేట్’ అన్నిటికీ ఎదురుగా ‘ఒప్పించు’ అని రాసుకున్న విద్యార్థికి పదాలన్నీ వచ్చేసినట్టే అనిపిస్తుంది గానీ, సొంతంగా వాక్యం రాయబోయేసరికి వాటిలో ఏది వాడాలో తోచదు. ఒప్పించేవాడు ఏ సాధనం వాడాడు, వినేవాడికి స్వేచ్ఛ ఎంత మిగిలింది, ఈ సంగతి చెబుతున్న మనిషి ఆ పనిని మెచ్చుకుంటున్నాడా, తప్పుపడుతున్నాడా అని మూడు ప్రశ్నలు వేసుకుంటే ఈ పదాలు వేటికవి విడివడతాయి. ఆంగ్లం నుంచి ఆంగ్లానికి అర్థం చెప్పే మంచి నిఘంటువు, ఒక నోటుపుస్తకం, ఎక్కడిదైనా ఒక ప్రకటన ముందు పెట్టుకుని మొదలుపెట్టవచ్చు.

మొదటి మెట్టు: ఒప్పించే క్రియలను ఒత్తిడిని బట్టి వరుసలో పెట్టండి

పేజీకి ఎడమ చివర ‘అడ్వైజ్’ అనీ, కుడి చివర ‘కోయర్స్’ అనీ రాయండి. మొదటిది సలహా చెప్పి నిర్ణయాన్ని వినేవాడికే వదిలేయడం. రెండోది బెదిరించి చేయించడం. మిగిలిన క్రియలన్నిటికీ ఈ రెండింటి మధ్యనే ఎక్కడో ఒకచోట స్థానం ఉంటుంది.

ఎడమవైపు నుంచి ముందుగా వచ్చేది ‘అర్జ్’. గట్టిగా చెప్పారు, కానీ అవతలివారు విన్నారో లేదో ఈ పదం చెప్పదు. తర్వాతిది ‘పర్‌స్వేడ్’. ఇందులో ఫలితం కూడా కలిసే ఉంటుంది. తెలుగులో ‘ఎంత నచ్చజెప్పినా వినలేదు’ అంటే సహజంగా ఉంటుంది, ‘ఒప్పించాను గానీ ఒప్పుకోలేదు’ అంటే నవ్వు వస్తుంది. ‘పర్‌స్వేడ్’ ఈ రెండోదానిలాంటి క్రియ కాబట్టి, ప్రయత్నం ఫలించనప్పుడు ‘ట్రైడ్ టు పర్‌స్వేడ్’ అని రాయాలి. పరీక్షల జవాబుల్లోనూ, ఉద్యోగ దరఖాస్తుల్లోనూ మనవాళ్లు తరచుగా జారిపోయేది ఇక్కడే. ‘కన్విన్స్’ ప్రధానంగా నమ్మకానికి సంబంధించినది: ఒక విషయం నిజమేనని ఎదుటివారికి అనిపించేలా చేయడం. పని చేయించడానికి ‘పర్‌స్వేడ్’, నమ్మకం కలిగించడానికి ‘కన్విన్స్’ అన్న పాత విభజన ఇప్పుడు అంత కచ్చితంగా పాటించడం లేదు గానీ, నేర్చుకునే దశలో దాన్ని పట్టుకోవడమే క్షేమం.

వరుసలో ఇంకొంచెం ముందుకు వెళితే ‘కోక్స్’ కనిపిస్తుంది. ఇది బుజ్జగించడం, ఓపికగా, మెల్లగా దారికి తేవడం. మొండికేసిన పాత ఇంజన్ విషయంలో కూడా ఈ పదం వాడతారు. ‘కజోల్’లో పొగడ్త చేరుతుంది, ఉబ్బేసి పని చేయించుకోవడం అన్నమాట. ‘ఎంటైస్’, ‘టెంప్ట్’, ‘ల్యూర్’ అనే మూడింటిలో మాటల కన్నా ఆశ ఎక్కువగా పని చేస్తుంది. ‘ల్యూర్’లో ఆ ఆశ వెనుక ఉచ్చు కూడా ఉంటుంది, చేపల గాలానికి తగిలించే నకిలీ ఎరకు కూడా అదే పేరు.

‘మానిప్యులేట్’, ‘కోయర్స్’ అనే రెండింటినీ కలిపి చదవడం మేలు. తనను బలవంతపెడుతున్నారని ‘కోయర్స్’కు గురైన మనిషికి తెలుసు, అయినా ఏమీ చేయలేడు, ‘మానిప్యులేట్’కు గురైన మనిషికి ఆ సంగతే తెలియదు, తానే స్వయంగా నిర్ణయించుకున్నానని అనుకుంటాడు. అయితే పరికరాల విషయంలోనో, అంకెల పట్టికల విషయంలోనో ‘మానిప్యులేట్’ అన్నప్పుడు అందులో నింద ఉండకపోవచ్చు. ‘బ్రెయిన్‌వాష్’ సంగతి వేరు. కొరియా యుద్ధ కాలంలో, 1950లో, ఎడ్వర్డ్ హంటర్ అనే అమెరికన్ పాత్రికేయుడు ఒక చైనా మాటకు అనువాదంగా దీన్ని ఆంగ్లంలోకి తెచ్చాడు. నిర్బంధించి, నమ్మకాలను బలవంతంగా మార్చడం దీని అర్థం. మనం సరదాగా ‘వాడికి బ్రెయిన్‌వాష్ చేసి ఒప్పించాను’ అంటాం గానీ, అదే మాట ఆంగ్లంలో సూటిగా అంటే ఆరోపణలా వినిపిస్తుంది.

రెండో మెట్టు: ప్రతి క్రియనూ దాని తోకతో సహా రాసుకోండి

క్రియ ఒక్కటే నేర్చుకుంటే సగం పనే అవుతుంది. ‘పర్‌స్వేడ్ సమ్‌వన్ టు డూ’, ‘కన్విన్స్ సమ్‌వన్ ఆఫ్ సమ్‌థింగ్’, ‘డిస్‌స్వేడ్ సమ్‌వన్ ఫ్రమ్ డూయింగ్’ (వద్దని చెప్పి మాన్పించడం) అని పూర్తి నిర్మాణాన్ని రాసుకోండి. ఆంగ్లం మాతృభాషగా గలవారు రోజువారీ మాటల్లో వీటికి బదులు ‘టాక్ ఇన్‌టు’, ‘టాక్ అవుట్ ఆఫ్’ అనే జంటను ఎక్కువగా వాడతారు. మొదటిది మాటలతో ఒక పనికి దించడం, రెండోది మాటలతో మాన్పించడం. వినేవాడి వైపు నుంచి చెప్పాలంటే ‘ఫాల్ ఫర్’ అంటే మాయమాటలకు పడిపోవడం, ‘సీ త్రూ’ అంటే ఎత్తుగడను పసిగట్టడం.

మూడో మెట్టు: మనసుకు సంబంధించిన పదాలను జంటలుగా పట్టుకోండి

ఈ భాగంలో తప్పులు ఎక్కువగా దొర్లేది పోలికల వల్ల. ‘కాన్షస్’ అంటే స్పృహలో ఉన్న, ఎరుక ఉన్న. ‘కాన్షెన్స్’ అంటే అంతరాత్మ. ‘కాన్షియెన్షస్’ అంటే పనిని శ్రద్ధగా, నిజాయితీగా చేసే స్వభావం. ‘ఇన్‌క్రెడిబుల్’ నమ్మలేని సంగతికి, ‘ఇన్‌క్రెడ్యులస్’ దాన్ని నమ్మలేకపోతున్న మనిషికి వర్తిస్తాయి. ‘ఇంపల్సివ్ బయ్యర్’ చూడగానే మనసుపడి కొనేవాడు. ‘కంపల్సివ్ బయ్యర్’ కొనకుండా ఉండలేని స్థితికి చేరినవాడు. ఒకటి అలవాటు, మరొకటి బాధ. ‘స్కెప్టికల్’ మనిషి రుజువు అడుగుతాడు, ‘సినికల్’ మనిషి రుజువు చూపించినా దాని వెనుక స్వార్థం వెతుకుతాడు. ఏది చెప్పినా నమ్మేసే వాడు ‘గలబుల్’.

మనం తెలుగులో కలుపుకున్న కొన్ని మాటలు కూడా ఇక్కడ దారి తప్పిస్తాయి. ‘ఆమె ఫీలయింది’ అంటే మనకు ఆమె మనసు నొచ్చుకుందని అర్థం. ఆంగ్లంలో ‘షీ ఫెల్ట్’ అని ఆపేస్తే ఏమనిపించిందన్న ప్రశ్న మిగిలిపోతుంది. ‘షీ ఫెల్ట్ హర్ట్’ అనాలి. అలాగే మనం తిట్టుగా వాడే ‘మెంటల్’ ఆంగ్లంలో ప్రధానంగా ‘మనసుకు చెందిన’ అని చెప్పే మామూలు విశేషణం.

‘సబ్‌లిమినల్’ అనే పదాన్ని మాత్రం దాని కథతో సహా గుర్తుంచుకోవాలి. లాటిన్‌లో ‘లీమెన్’ అంటే గడప. ఎరుక అనే గడపకు దిగువన ఉండిపోయే సంకేతం సబ్‌లిమినల్. 1957లో జేమ్స్ వికరీ అనే అమెరికా మార్కెట్ పరిశోధకుడు, న్యూజెర్సీలోని ఫోర్ట్ లీ పట్టణపు సినిమాహాల్లో, కంటికి ఆననంత వేగంగా తెరమీద పాప్‌కార్న్ తినమనీ, కోకాకోలా తాగమనీ మాటలు మెరిపించి అమ్మకాలు పెంచానని ప్రకటించాడు. దేశమంతా కలకలం రేగింది. 1962లో అతనే, తన దగ్గర చెప్పుకోదగ్గ సమాచారమేమీ లేదని ఒప్పుకున్నాడు. ఆ వాదన వీగిపోయింది గానీ పదం జనం నోట నిలిచిపోయింది. అందువల్ల ఒక ప్రకటన కాస్త చాతుర్యంగా కనిపించగానే దాన్ని సబ్‌లిమినల్ అనకూడదు. కంటికి కనిపిస్తూనే మెల్లగా పని చేసేదానికి ‘సటిల్’ సరిపోతుంది.

నాలుగో మెట్టు: మూలాల సాయం తీసుకోండి, కానీ హద్దు దాటకండి

సంస్కృత పదాలతో పరిచయం ఉన్న తెలుగు పాఠకులకు ఇక్కడ కొంత వెసులుబాటు ఉంది. ‘మైండ్’, ‘మెంటల్’, మన ‘మనసు’ ఒకే ప్రాచీన మూలం నుంచి వచ్చినవి. ‘పర్‌స్వేడ్’, ‘డిస్‌స్వేడ్’లకు ఆధారమైన లాటిన్ క్రియ ‘స్వాదేరే’కు ఆంగ్లంలోని ‘స్వీట్’తోనూ, సంస్కృతంలోని ‘స్వాదు’ శబ్దంతోనూ చుట్టరికం ఉంది. తీపి మాటలతో ఒప్పించడం అన్న తెలుగు నానుడి అనుకోకుండానే ఆ మూలాన్ని తాకుతుంది. ‘కన్విన్స్’లో ఉన్నది గెలవడం అనే అర్థమిచ్చే లాటిన్ ధాతువు. ‘అడ్వర్టైజ్’లోని ‘వర్ట్’ తిప్పడాన్ని సూచిస్తుంది, కాబట్టి ప్రకటన అంటే చూపును తనవైపు తిప్పుకునేది. ‘డైవర్ట్’, ‘కన్వర్ట్’, ‘అవర్ట్’ కూడా ఆ కుటుంబానివే. జ్ఞాపకం ఉండటానికి మూలం పనికొస్తుంది గానీ నేటి అర్థాన్ని నిర్ణయించదు. ‘స్లోగన్’ ఒకప్పటి స్కాట్లండ్ గేలిక్ భాషలో సైన్యం వేసే కేక అని తెలిసినంత మాత్రాన ఇవాళ దాన్ని ఆ అర్థంలో వాడలేం కదా.

ఐదో మెట్టు: ప్రకటనల రంగపు పదాలను డబ్బు ఎవరిదన్న ప్రశ్నతో విడదీయండి

స్థలానికి, సమయానికి డబ్బు చెల్లించి చెప్పుకునేది ‘అడ్వర్టైజింగ్’. డబ్బు చెల్లించకుండానే పత్రికల్లో, ప్రసారాల్లో దక్కే ప్రస్తావన ‘పబ్లిసిటీ’. పత్రిక సొంత వ్యాసంలా కనిపించేలా రాయించిన ప్రకటన ‘అడ్వర్టోరియల్’. పేరున్న వ్యక్తి తన పేరునూ ముఖాన్నీ అరువిస్తే ‘ఎండార్స్‌మెంట్’, వాడిన మనిషి తన అనుభవం చెబితే ‘టెస్టిమోనియల్’. ‘ప్రాపగాండా’ మొదట నింద లేని మాటే. 1622లో పోప్ పదిహేనో గ్రెగరీ మతప్రచారం కోసం ఏర్పాటు చేసిన సంఘం లాటిన్ పేరులోనిది. ఇప్పుడు మాత్రం పక్షపాతంతో కూడిన ప్రచారమని ఎత్తిచూపడానికే ఎక్కువగా వాడుతున్నారు. ఇక ఉచ్చారణ: మనం ‘అడ్వర్టైజ్‌మెంట్’ అని పలికేదాన్ని బ్రిటిష్ వారు ‘అడ్వర్టిస్‌మెంట్’ అని, రెండో అక్షరం మీద ఒత్తు పెట్టి పలుకుతారు.

‘పఫరీ’ అనే పదం దగ్గర కాసేపు ఆగాలి. ‘ప్రపంచంలోకెల్లా రుచికరమైన కాఫీ’ లాంటి, ఎవరూ అక్షరాలా నమ్మని గొప్పలకు ఆ పేరు. ఆ గొప్ప ఎక్కడ ముగిసి వాగ్దానం ఎక్కడ మొదలవుతుందో చూపడానికి న్యాయశాస్త్ర విద్యార్థులందరూ చదివే వ్యాజ్యం ఒకటుంది. 1891లో లండన్‌లో కార్బాలిక్ స్మోక్ బాల్ అనే కంపెనీ, తమ సాధనాన్ని చెప్పిన ప్రకారం వాడిన తర్వాత కూడా ఇన్‌ఫ్లుయెంజా వస్తే 100 పౌండ్లు ఇస్తామనీ, చిత్తశుద్ధికి గుర్తుగా 1000 పౌండ్లు బ్యాంకులో ఉంచామనీ ప్రకటించింది. లూయిసా కార్లిల్ అనే ఆవిడ దాన్ని వాడింది, జ్వరం తెచ్చుకుంది, సొమ్ము అడిగింది. అది కేవలం ‘పఫ్’ అని కంపెనీ వాదించగా, బ్యాంకులో సొమ్ము ఉంచామని చెప్పుకున్నవారు ఆ మాట అనలేరంటూ 1892లో అప్పీలు కోర్టు ఆమె పక్షాన తీర్పు చెప్పింది. ‘పఫరీ’, ‘క్లెయిమ్’, ‘ప్రామిస్’ అనే మూడు పదాల సరిహద్దులు ఈ ఒక్క ఉదంతంతో తేటపడతాయి.

ఆరో మెట్టు: ఒక ప్రకటనను వాక్యం వాక్యంగా విప్పండి

నేర్చుకున్న పదాలు నిజంగా స్థిరపడేది ఇక్కడే కాబట్టి ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి. కల్పించిన పళ్లపొడి ప్రకటన ఒకటి చూద్దాం: ‘ఈ వారం వరకే! లక్షలాది కుటుంబాలు నమ్మినది. పిప్పిపళ్లతో పోరాడటంలో సాయపడుతుంది. ప్రయోగశాలలో పరీక్షించినది. 90 శాతం వరకు ఎక్కువ తెల్లదనం.’

మొదటి వాక్యం గడువు చూపి తొందరపెడుతుంది. దీన్ని ‘అర్జెన్సీ’ అంటారు. సరుకు కొద్దిగానే ఉందని చెబితే అది ‘స్కేర్సిటీ’ అయ్యేది. రెండోది ‘సోషల్ ప్రూఫ్’, అంటే నలుగురూ చేస్తున్నారు కాబట్టి మంచిదే అయి ఉంటుందన్న భావన. అమెరికా మనస్తత్వవేత్త రాబర్ట్ చాల్డీని 1980లలో ఈ మాటకు బాగా ప్రచారం తెచ్చాడు. గుంపును చూసి గుంపులో చేరడాన్ని ‘జంపింగ్ ఆన్ ద బ్యాండ్‌వాగన్’ అంటారు. బ్యాండ్‌వాగన్ అంటే ఊరేగింపులో వాద్యబృందం ఎక్కే బండి.

మూడో వాక్యంలో ‘సాయపడుతుంది’ అన్న మాటను గీత గీసి పట్టుకోండి. పిప్పిపళ్లు రావని ఎవరూ అనలేదు, పోరాడుతుందని కూడా అనలేదు, పోరాటంలో సాయం మాత్రమే. బరువున్నట్టు కనిపించి ఏ బాధ్యతా మోయని ఇటువంటి మాటలను ‘వీజల్ వర్డ్స్’ అంటారు. వీజల్ అనే ముంగిసలాంటి చిన్న జంతువు గుడ్డు పెంకు చెదరకుండా లోపలిదంతా పీల్చేస్తుందన్న నమ్మకం నుంచి ఆ పేరు వచ్చింది. నాలుగో వాక్యం పరీక్షించారని చెప్పి ఫలితం చెప్పలేదు. ‘టెస్టెడ్’, ‘ప్రూవెన్’ ఒకటి కావు. ఐదోదానిలో ‘వరకు’, అంటే ఆంగ్లంలో ‘అప్ టు’, ఉంది కాబట్టి సున్నా శాతమైనా అందులో ఇమిడిపోతుంది, పైగా దేనికన్నా ఎక్కువో చెప్పలేదు. ఇవన్నీ ‘మిస్‌లీడింగ్’ అనవచ్చు గానీ తొందరపడి ‘ఫాల్స్’ అనకూడదు: మొదటిది తప్పుదారి పట్టించేది, రెండోది అబద్ధం.

అదే ప్రకటనలో పాత ధర కొట్టివేసి పక్కన కొత్త ధర వేసి ఉంటే ‘యాంకరింగ్’ అని రాసుకోండి. ముందు చూసిన అంకె తర్వాతి అంచనాను తనవైపు లాగుతుందని మనస్తత్వవేత్తలు ఆమోస్ ట్వెర్‌స్కీ, డేనియల్ కానెమన్ 1974లో ప్రచురించిన పత్రంలో వివరించారు.

ఏడో మెట్టు: నిఘంటువులో వైఖరి గుర్తును చూసి, వాక్యాన్ని మార్చి రాయండి

విద్యార్థుల కోసం తయారైన ఆంగ్ల నిఘంటువుల్లో కొన్ని పదాల పక్కన ‘డిసప్రూవింగ్’ (తప్పుపట్టే ధోరణిలో వాడేది) అన్న గుర్తు ఉంటుంది. ఆ గుర్తున్న పదాలను మీ వరుసలో ఎర్ర సిరాతో రాయండి. తర్వాత ఒకే సంఘటనను రెండు వాక్యాలుగా ఆంగ్లంలో రాయండి: కంపెనీ ప్రతినిధి చెప్పినట్టు ఒకటి, మోసపోయానని భావిస్తున్న కొనుగోలుదారు చెప్పినట్టు మరొకటి. మొదటిదానిలో ‘పర్‌స్వేడెడ్’ ఉన్నచోట రెండోదానిలో ‘మానిప్యులేటెడ్’, ‘క్యాంపెయిన్’ ఉన్నచోట ‘హైప్’ (అతిగా ఊదరగొట్టే ప్రచారం) వస్తాయి. రెండు వాక్యాల్లోనూ మార్చకుండా ఉంచగలిగిన పదాలేవో విడిగా గుర్తు పెట్టుకోండి. వార్తకథనమో, నివేదికో రాయవలసి వచ్చినప్పుడు అక్కరకు వచ్చేవి అవే.